మాట్లాడటానికి వీలవుతుందా అండీ

మిక్సీ ఒక్క చుట్టు తిరిగిందో లేదో, అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపింది.

"ఆపు పెద్దమ్మాయీ, చిన్నది ఫోన్లో ఉంది" అంది గొంతు తగ్గించి.

పెద్దకోడలు స్విచ్ కట్టేసింది. జార్లో ముద్ద సగం నలిగి అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద బాణలి కాగుతోంది. స్కూలు బస్సు దిగి కూతురు ఆకలంటూ వచ్చే వేళయింది. అత్తగారు మునివేళ్ళ మీద నడుస్తూ హాల్లోకి వెళ్ళి టీవీ గొంతు కూడా తగ్గించింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. దాహమేస్తే మంచినీళ్ళకి కూడా కూర్చున్నచోటి నుంచి పిలిచే మనిషి. చిన్నకోడలి ఫోన్ కోసం మాత్రం మునివేళ్ళ మీద నడుస్తుంది. పెద్దకోడలు పొయ్యి ఆర్పి, గట్టుకి ఆనుకుని నిలబడి, మూసి ఉన్న ఆ గది తలుపు వైపు చూసింది. కడుపులో ఎక్కడో సన్నగా మండింది. ఆ మంట ఆమెకి కొత్తది కాదు. దానికి పేరు పెట్టడానికి మాత్రం చాలాకాలం సిగ్గుపడింది. ఈమధ్య ఆ సిగ్గు కూడా పోయింది. కుళ్ళు. అంతే. తోడికోడల్ని చూస్తే తనకి కుళ్ళు.

ఆ గది ఒకప్పుడు పెద్దకోడలి కూతురు చదువుకునే గది. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని చిన్నకోడలికి ఆఫీసువాళ్ళు చెప్పిన వారంలోనే పిల్ల బల్ల హాల్లోకి, టీవీ పక్కకి వచ్చేసింది. "చిన్నపిల్ల, ఎక్కడైనా చదువుకుంటుంది" అన్నాడు భర్త. మామగారు బజారుకెళ్ళి గిర్రున తిరిగే కుర్చీ ఒకటి స్వయంగా ఎంచి తెచ్చారు, నడుం నొప్పి రాకూడదని. స్కూలు ఆఫీసులో పెద్దకోడలు కూర్చునే కుర్చీకి ఒక కోడు పొట్టి. అట్టముక్క మడిచి దాని కింద దోపి, ఒకవైపు ఒరగకుండా కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చిన్నకోడలిది రిక్రూటర్ ఉద్యోగం. కంపెనీలకి మనుషులు కావాలి, మనుషులకి కంపెనీలు కావాలి. మధ్యలో ఫోన్ పట్టుకుని కూర్చుని, ఎవరికి ఏది నప్పుతుందో కనిపెట్టి, వాళ్ళని ఇంటర్వ్యూకి పంపి, ఆఫర్ వచ్చాక వెళ్ళి చేరేదాకా వెంటపడాలి. అత్తగారు పక్కింటావిడతో "మా చిన్నది ఉద్యోగాలిప్పిస్తుంది" అని చెప్పుకుంటుంది, ఏదో దానధర్మం చేస్తున్నట్టు. ఆ వెంటనే, పెద్దకోడలు వింటోందని గుర్తొచ్చి, "పెద్దది కూడా ఏదో స్కూల్లో చేస్తుందిలెండి" అంటుంది. ఆ 'ఏదో' పెద్దకోడలికి గుచ్చుకునేది. పెళ్ళయిన కొత్తల్లో ఆ ఉద్యోగం చూసిపెట్టింది భర్తే. "మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తావు, ఇంటికీ ఇబ్బందుండదు" అన్నాడు. ఆ ఉద్యోగంలో ఆమె ఫీజు రసీదులు రాస్తుంది, బస్సు ఆలస్యమైతే తల్లిదండ్రుల తిట్లు తింటుంది. పొద్దున్నే ఏ టీచరైనా రాలేనని ఫోన్ చేస్తే బదులు మనిషిని వెతికి తరగతిలో నిలబెడుతుంది. ఏడాది మధ్యలో ఎవరైనా మానేస్తే ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి "ఎవర్నైనా చూడమ్మా" అని వెళ్ళిపోతాడు. ఆమె చూస్తుంది. లెక్కల మేడంని, సంగీతం మాస్టారిని, ఈమధ్య వచ్చిన సైన్సు టీచర్నీ ఆమే వెతికి పట్టుకుంది. మీటింగుల్లో ప్రిన్సిపాల్ "నేను తెచ్చిన స్టాఫ్" అంటుంటే, ఆమె టీ కప్పులు అందరికీ అందాయో లేదో చూస్తుంటుంది.

అన్నిటికంటే ఆమెకి ఓర్వలేనిది ఒక్క మాట. చిన్నకోడలు ప్రతి ఫోనూ ఆ మాటతోనే మొదలుపెడుతుంది. "నమస్తే అండీ, ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా అండీ?" అని. తియ్యగా, తొందర లేకుండా. అవతల మనిషి వీలవుతుందంటేనే ముందుకెళ్తుంది. ఇంట్లో తనని ఎవరైనా ఎప్పుడైనా అలా అడిగారా అని పెద్దకోడలు వెతుక్కుంది. చేతులు పిండిలో ఉండగా పిలిచినవాళ్ళున్నారు. స్నానాల గది తలుపు బయట నిలబడి పిలిచినవాళ్ళున్నారు. జ్వరంతో పడుకుంటే మంచం పక్కకి వచ్చి, చొక్కా గుండీ ఊడిందని చూపించిన భర్త ఉన్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళని వీలడిగే ఆ గొంతు కూడా తలుపు తెరిచి ఇవతలకి వచ్చేసరికి "అక్కా, కాఫీ" అంటుంది.

మధ్యాహ్నాలు ఆరిన బట్టలు తెచ్చి ఆ గది పక్కనున్న బల్ల మీద కూర్చుని మడతపెట్టడం పెద్దకోడలు అలవాటు చేసుకుంది. హాల్లో వెలుతురు చాలదని అత్తగారితో చెప్పింది. నిజానికి చిన్నకోడలు ఫోన్ స్పీకర్లో పెట్టుకుంటుంది, అక్కడైతే ఇద్దరి మాటలూ స్పష్టంగా వినపడతాయి. మొదట్లో తప్పులు వెతకడానికే వింది, దాచడానికేముంది. చిన్నకోడలు గబగబా మాట్లాడుతుందని, అవతలివాళ్ళు మధ్యలో ఆగితే ఆ ఖాళీని తనే నింపేస్తుందని కనిపెట్టి సంబరపడింది. తర్వాత్తర్వాత తప్పులు మర్చిపోయి పనిలో పడిపోయింది. దిండు గలీబు చేతిలో పట్టుకుని, తలుపు అవతల మాట్లాడేవాళ్ళని మొహాలతో సహా ఊహించుకునేది. ఇతనికి పాత యజమాని మీద కోపం తప్ప కొత్త పని మీద ఇష్టం లేదు. ఈమెకి పని వచ్చు, అడగడం రాదు. అలా ఆమె బుర్రలో ఒక ఆఫీసు తెరుచుకుంది. అందులో ఆమె ఒక్కతే ఉద్యోగి.

ఒకరోజు భోజనాల దగ్గర చిన్నకోడలు మంచి హుషారుగా ఉంది. ఎన్నాళ్ళుగానో దొరకని ఇంజనీరు ఒకతను ఆఫర్ ఒప్పుకున్నాడట, వచ్చే సోమవారం చేరతాడట. మరిది భార్య భుజం తట్టాడు. మామగారు ఇంకో ముద్ద కూర వేయించుకున్నారు. పెద్దకోడలు గరిటె పట్టుకుని నిలబడే ఉంది.

"అతను చేరడు" అంది. అనాలనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

అందరూ నవ్వారు. "నువ్వు జాతకాలు చెప్పడం ఎప్పుడు మొదలెట్టావు?" అన్నాడు భర్త. మరిది పళ్ళెం పక్కకి జరిపి, చెయ్యి చాపి "వదినా, నా చెయ్యి కూడా చూడండి" అన్నాడు. ఆమె కూడా నవ్వేసి, ఆ చేతిలో కూర వడ్డించింది.

సోమవారం అతను చేరలేదు. ఫోన్ కూడా ఎత్తలేదట. సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే చిన్నకోడలు వచ్చి తీగకి అవతల నిలబడింది. మొహం వాడిపోయి ఉంది. ఆ మొహం చూస్తే పెద్దకోడలికి మంచినీళ్ళు తాగినంత హాయిగా అనిపించింది, కాదనడానికి లేదు.

"అక్కా, నీకెలా తెలిసింది?"

"ఉద్యోగం గురించి అన్నీ అడిగాడు గానీ, పొద్దున్నే ఎన్నింటికి రావాలి, బస్సు ఎక్కడ దిగాలి అని ఒక్కసారీ అడగలేదు. మా స్కూలుకి వచ్చే టీచర్లని చూస్తుంటానుగా. వచ్చేవాళ్ళు దారి అడుగుతారు."

అన్నాక నాలిక్కరుచుకుంది. తలుపు పక్కన కూర్చుని వింటున్నానని తనే చెప్పేసింది కదా. చిన్నకోడలు ఆ సంగతి పట్టించుకోలేదు. తీగ మీంచి ఒక దుప్పటి తీసి, తడబడుతూ మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె బట్టలు మడతపెట్టడం పెద్దకోడలు చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి చిన్నకోడలు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి రావడం మొదలైంది. గదిలో సిగ్నల్ లేదని అత్తగారికి చెప్పేది. గట్టు మీద ఫోన్ స్పీకర్లో పెట్టి తను మాట్లాడుతుంటే పెద్దకోడలు కూరలు తరుగుతూ వినేది. కావాలనుకుంటే కత్తితో పీట మీద చిన్నగా కొట్టేది. అంటే తొందరపడకు అని. కళ్ళతో కాదనేది, తలూపేది. ఫోన్ పెట్టాక ఇద్దరూ ఆ మనిషి గురించి మాట్లాడుకునేవాళ్ళు. పెద్దకోడలికి రోజు మొత్తంలో ఆ గంటే గంట. ఆ గంట కోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నానని తెలిసి తన మీద తనకే కోపం వచ్చేది. తోడికోడలు మీద మంట తగ్గిందా అంటే అదీ లేదు. పైగా ఎక్కువైంది. ఇంతకు ముందు తలుపు అవతల ఏముందో తెలియక మండింది. ఇప్పుడు తెలిసి మండుతోంది.

ఒకసారి చిన్నకోడలికి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. అప్పుడే ఒక నర్సుతో మాట్లాడాల్సి ఉంది. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి, చాలా ఏళ్ళకి మళ్ళీ వెతుక్కుంటున్న మనిషి. "నువ్వు మాట్లాడవా అక్కా, నేనే అనుకుంటుంది" అని సైగ చేసింది చిన్నకోడలు. పెద్దకోడలు చేతులు తుడుచుకుని తోడికోడలి పేరు చెప్పి మాట్లాడింది.

"మధ్యలో ఈ ఏళ్ళన్నీ ఏం చేశారండీ?" అని అడిగింది, రాసిచ్చిన ప్రశ్నే.

"ఏం చెయ్యలేదండీ. ఇంట్లోనే ఉన్నాను" అంది నర్సు. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు ఉంది ఆ గొంతు.

చిన్నకోడలైతే అక్కడ సర్దిచెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయేది. పెద్దకోడలు కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత "ఇంట్లో మంచం పట్టినవాళ్ళు ఎవరైనా ఉండేవారా?" అని మెల్లగా అడిగింది. ఉండేవారట, ఆ నర్సు మామగారు, పక్షవాతంతో. మందులెవరు వేసేవారు, పుళ్ళు పడకుండా ఎవరు తిప్పి పడుకోబెట్టేవారు, డాక్టరు చెప్పింది ఎవరికి అర్థమయ్యేది అని ఒక్కొక్కటే అడుగుతుంటే నర్సు గొంతు మారుతూ వచ్చింది. చివరికి ఆమె తనంతట తనే, "అంటే నేను పని మానలేదన్నమాట అండీ, జీతం మానేశాను" అంది. గట్టు అవతల చిన్నకోడలు ముక్కు తుడుచుకోవడం మర్చిపోయి చూస్తోంది.

నర్సుకి ఉద్యోగం వచ్చింది, వెళ్ళి చేరింది. మీ గొంతు మర్చిపోలేనండీ అని చిన్నకోడలికి మెసేజ్ పెట్టింది. చిన్నకోడలు దాన్ని చదివి వినిపించింది. పెద్దకోడలు "పోనీలే, మంచిదే" అని మళ్ళీ కత్తి పట్టుకుంది. ఆ మెసేజ్ తన ఫోన్‌కి పంపమని అడగాలని ఎంత అనిపించిందో. అడగలేదు.

ఆ ఏడాది చివర చిన్నకోడల్ని టీం లీడర్ని చేశారు. ఆమె పనిచేసే కన్సల్టెన్సీవాళ్ళు ఒక హోటల్ హాల్లో సభ పెట్టి, ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. ఇంట్లో అందరూ మంచి బట్టలు కట్టుకుని వెళ్ళారు. పెద్దకోడలు కూడా వెళ్ళింది, అందరి బట్టలూ ఇస్త్రీ చేసి. చిన్నకోడలు వేదిక మీద మైకు పట్టుకుని నిలబడితే, ఒక వెర్రి ఆశ పెద్దకోడలి గుండెల్లో కొట్టుకుంది. నేను నేర్చుకున్నది సగం మా అక్క దగ్గర, అంటుందేమో. పోనీ అంత కాకపోయినా, ఏదో ఒకటి.

చిన్నకోడలు భర్తకి థాంక్స్ చెప్పింది, తన ఉద్యోగాన్ని గౌరవించినందుకు. అత్తమామలకి చెప్పింది, ఇంట్లో గది ఇచ్చినందుకు. ఆ తర్వాత ఇటు చూసి, "మా అక్క వేళకి వేడివేడిగా భోజనం పెట్టకపోతే నేనిక్కడ ఉండేదాన్ని కాదు" అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. భర్త మోచేత్తో పొడిచి "చూశావా, నీ పేరు కూడా చెప్పింది" అన్నాడు.

పేరు చెప్పలేదు. పెద్దకోడలు చప్పట్లు కొట్టింది. అరచేతులు మండేదాకా కొట్టింది.

ఇంటికి తిరిగొచ్చే దారంతా ఆమె కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చిన్నకోడలి ఒళ్ళో, సభలో బహుమతిగా ఇచ్చిన గాజు బొమ్మ ఒకటి, వచ్చే పోయే దీపాల వెలుగులో మెరుస్తోంది. ఇది కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమే, తెలుసు. కానీ ఎవరి సొమ్ము మీద ఎవరు నిప్పులు పోసుకుంటున్నారు? పక్కింటావిడ నగ చూసి ఏడ్చినట్టు కాదే ఇది. తన చెవి, తన ఓపిక, తన గొంతు ఆ గాజు బొమ్మలో ఉన్నాయి. తన వస్తువు ఇంకొకరి ఒళ్ళో చూసి మండితే దాన్ని కుళ్ళు అంటారా, ఇంకేమైనా అంటారా? ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు గానీ, ఒక సంగతి మాత్రం తేలిపోయింది. ఆమెకి ఆ పని కావాలి. తోడికోడలి కుర్చీ కాదు, గది కాదు. పని.

భర్తతో అంటే, ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. అంటే చాలా శ్రద్ధగా వింటున్నట్టు. "నీకెందుకిప్పుడు ఇవన్నీ? ఉన్న ఉద్యోగం హాయిగా ఉంది" అన్నాడు. "ఆమెతో పోలికలు పెట్టుకోకు, ఆమె చదువు వేరు" అన్నాడు. ఇద్దరిదీ ఒకటే డిగ్రీ. తన మార్కులే ఎక్కువ. పెళ్ళిచూపుల్లో మార్కుల కాగితం ఆయనే అడిగి చూశాడు కూడా. ఆ సంగతి గుర్తుచెయ్యాలనిపించి, ఎందుకో జాలేసి ఊరుకుంది. "అయినా ఇది కొత్తగా నేర్చుకునే వయసా?" అని ఆయన మళ్ళీ పేపరు విప్పాడు.

కన్సల్టెన్సీలో మనుషులు కావాలని ప్రకటన ఉంది. పెద్దకోడలు స్కూలు ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని తన అప్లికేషన్ పంపింది. చేసిన పని అన్నచోట ప్రిన్సిపాల్ మాటలేవీ పెట్టకుండా, వెతికి తెచ్చిన టీచర్ల సంగతి తన మాటల్లో రాసింది. చదువుకుంటే తనకే ముచ్చటేసింది. వచ్చే అప్లికేషన్లు మొదట చూసేది చిన్నకోడలేనని ఆమెకి తెలుసు. అందుకే ఇంకేమీ చెప్పలేదు. చూసి, వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, అక్కా నువ్వా అంటుందనుకుంది.

చిన్నకోడలు రాలేదు. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని వంటింట్లోకి రావడం కూడా మానేసింది. గదిలో సిగ్నల్ బాగైందట. భోజనాల దగ్గర కళ్ళు పళ్ళెంలోంచి ఎత్తేది కాదు. కూర బాగుందని మాత్రం ఎప్పుడూ లేనంతగా మెచ్చుకునేది.

కొన్నాళ్ళు చూసి పెద్దకోడలు ఆ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కుర్చీ అటు తిరిగి ఉంది.

"ఇప్పుడు కాఫీ వద్దక్కా" అంది చిన్నకోడలు తల తిప్పకుండా.

"కాఫీ తేలేదు" అంది పెద్దకోడలు. "నా అప్లికేషన్ ఏమైందో అడగడానికొచ్చాను."

కుర్చీ నెమ్మదిగా ఇటు తిరిగింది. చిన్నకోడలు చెవులకి పెట్టుకున్నవి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పక్కన పెట్టాను" అంది.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే."

గోడ అవతల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. పెద్దకోడలు నిలబడే ఉంది. ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు.

"నువ్వు కూడా వచ్చేస్తే ఈ తలుపు అవతల ఎవరుంటారక్కా?" అంది చిన్నకోడలు. "అత్తయ్య నన్ను పిలవట్లేదంటే నేనంటే గౌరవమని కాదు, పిలవడానికి నువ్వున్నావని. నువ్వు లేని రోజున ఈ గది ఉంటుందా, ఈ కుర్చీ ఉంటుందా? ఈ పని కోసం నేనెంత కష్టపడ్డానో నీకు తెలీదు."

"తెలుసు. విన్నాను కదా."

చిన్నకోడలు కింది పెదవి కొరుక్కుంది. ఇంకా ఏదో ఉందని పెద్దకోడలికి అర్థమైంది. అలాంటి చోట ఊరుకోవాలని ఆమెకి తెలుసు. ఊరుకుంది.

"అదొక్కటే కాదు" అంది చివరికి చిన్నకోడలు. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు ఆ నర్సుతో మాట్లాడిన రోజు నాకు అన్నం సయించలేదు. నాకా మాట తట్టలేదు. ఎన్నేళ్ళు చేసినా తట్టదు. చదువుకుని, ట్రైనింగులు తీసుకుని నేను చేసేది నువ్వు కూర తరుగుతూ చేసేశావు. నువ్వు మా ఆఫీసుకొస్తే ఆర్నెల్లలో నేనెక్కడుంటాను? వేదిక మీద నీ గురించి చెప్దామనే ఎక్కాను. నోరు రాలేదు. నాకు నిన్ను చూస్తే..." ఆమె మాట పూర్తి చెయ్యలేదు.

పూర్తి చెయ్యనక్కర్లేకపోయింది. ఆ మాట పెద్దకోడలికి బాగా తెలిసినదే. ఎన్నో మధ్యాహ్నాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బట్టలు మడతపెట్టింది. కోపం రావాలి. వచ్చింది కూడా, కాస్త ఆలస్యంగా. దానికంటే ముందు వచ్చింది మాత్రం వేరు. కాళ్ళ కింద నేల గట్టిపడినట్టు అనిపించింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెని మెచ్చుకున్నారు, విసుక్కున్నారు, జాలిపడ్డారు, మర్చిపోయారు. తనని చూసి కుళ్ళుకున్న మనిషి మాత్రం ఇదే మొదలు. తన దగ్గర ఏమీ లేదని అందరితోపాటు తనూ నమ్మింది. ఉందని చెప్పింది ఈ ఒక్కతే, అదీ ఏడుస్తూ.

"రేపే పంపేస్తానక్కా. మా పైవాళ్ళకి నేనే చెప్తాను" అంది చిన్నకోడలు.

"వద్దు. నువ్వు జాలిపడి పంపితే నాకక్కర్లేదు, భయపడి పంపినా అక్కర్లేదు" అని పెద్దకోడలు బయటికొచ్చేసింది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు.

స్కూళ్ళకీ కాలేజీలకీ టీచర్లనీ సిబ్బందినీ చూసిపెట్టే చిన్న ఏజెన్సీ ఒకటుంది. కళ్ళద్దాల షాపు మీద రెండు గదులు. దాన్ని నడిపే ఆవిడతో పెద్దకోడలు ఫోన్లో తరచు మాట్లాడుతుండేది. చూడటం ఇదే మొదటిసారి. పొట్టి జుట్టు, బొంగురు గొంతు. వచ్చిన పని చెబితే ఆవిడ అప్లికేషన్ అడగలేదు. ఒక ఫోన్ ముందుకి తోసి, ఒక కాలేజీకి అకౌంటెంటు కావాలని, ఫలానా ఆవిడ రెండుసార్లు కాదందని, మాట్లాడి చూడమని చెప్పింది.

పెద్దకోడలు నంబరు నొక్కింది. "నమస్తే అండీ. మాట్లాడటానికి వీలవుతుందా అండీ?" అంది. ఎన్నాళ్ళుగానో తలుపు ఇవతల నిలబడి అసూయపడిన ఆ మాట తన నోట్లో కొత్త చెప్పులా కరిచింది.

"వీలవదండీ" అని అవతలి మనిషి ఫోన్ పెట్టేసింది.

పొట్టి జుట్టావిడ పగలబడి నవ్వింది. పెద్దకోడలి మొహం కందిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. "కూర్చోండి" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "అడిగితే కాదనే హక్కు వాళ్ళకుంటుంది. ఆ మాట ఊరికే పలకరింపు అనుకునేవాళ్ళకి ఈ పని రాదు. ఎప్పుడు వీలవుతుందో కనుక్కోవాలి." పెద్దకోడలు టీ తాగేదాకా ఆగి, ఎప్పుడు చెయ్యమంటారని ఒక ముక్క మెసేజ్ పెట్టింది. పిల్ల పడుకున్నాక అని జవాబొచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ చేసింది. ఈసారి మాట్లాడినంతసేపు గోడ మీద గడియారం వైపు చూడలేదు. ఆ అకౌంటెంటు ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు. ఆలోచిస్తానంది. కానీ ఫోన్ పెట్టేసే ముందు, ఆ కాలేజీకి రైల్వే స్టేషన్ వైపు నుంచి దారుందా అని అడిగింది. ఆ మాట విని పెద్దకోడలు నవ్వుకుంది. ఎందుకు నవ్విందో పొట్టి జుట్టావిడ అడిగి తెలుసుకుని, ఎప్పటి నుంచి వస్తారని అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు పెద్దకోడలు చెప్పింది. స్కూలు మానేస్తున్నానని, ఫలానా చోట చేరుతున్నానని, పొద్దున్న వెళ్తే సాయంత్రం చీకటిపడే వేళకి వస్తానని. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా, బస్సు వేళలు చెబుతున్నట్టు చెప్పింది. మామగారు నమలడం ఆపారు. భర్త "నాతో ఒక్క మాట..." అని మొదలుపెట్టి, చెప్పిందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"మరి ఇల్లు?" అంది అత్తగారు.

ఆ ప్రశ్న ఎవర్నీ ఉద్దేశించి అన్నది కాదు. కానీ బల్ల చుట్టూ ఉన్న కళ్ళన్నీ, ఎవరో తిప్పినట్టు, ఒకేసారి చిన్నకోడలి వైపు తిరిగాయి. మరిది కళ్ళు కూడా. తన ఉద్యోగాన్ని గౌరవించినందుకు అందరి ముందూ భార్య చేత థాంక్స్ చెప్పించుకున్న మరిది.

చిన్నకోడలు తలెత్తలేదు. మెతుకుల్ని వేలితో పళ్ళెం అంచుకి తోస్తోంది. రెప్పలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి. పెద్దకోడలు ఆ మొహాన్ని తనివితీరా చూసింది. ఈ ఒక్క నిమిషం కోసమే ఇన్నాళ్ళూ మండానేమో అనిపించింది. ఏమీ అననక్కర్లేదు, ఊరుకుంటే చాలు. సోమవారం పొద్దున్నకల్లా ఆ గది తలుపు తెరుచుకుంటుంది. కాఫీ కోసం పిలిచే గొంతులు కొత్త పేరు నేర్చుకుంటాయి. ఆ మధ్యాహ్నపు ఫోన్లు, ఆ టీం, ఆ గాజు బొమ్మ, నెల తిరక్కుండానే అన్నీ ఒక్కొక్కటే ఆ చేతుల్లోంచి జారిపోతాయి. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే, పెద్దకోడలు ఒక గుటక మింగింది.

"ఆమె వైపు చూస్తారేంటి?" అంది తర్వాత భర్త వైపు తిరిగి. "ఆమెకి ఉద్యోగం ఉంది. మీకూ చేతులున్నాయి, మీ తమ్ముడికీ ఉన్నాయి. మామయ్యగారు కుర్చీ ఎంచినంత బాగా కూరగాయలూ ఎంచగలరు. అత్తయ్యగారు కూర్చునే చోటి నుంచి మీ ముగ్గురికీ అన్నీ చెప్పగలరు, నాకు అలాగే నేర్పారు. మీకెప్పుడు వీలవుతుందో మీరే మాట్లాడుకోండి."

మరిది నవ్వాలా వద్దా అన్నట్టు అన్న వైపు చూశాడు. అన్న తన పళ్ళెం వైపు చూశాడు. చిన్నకోడలు మాత్రం తలెత్తి ఇటు చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, నమ్మలేకపోవడం ఉంది. తన అక్క ఎంత మంచిదో ఇప్పుడే తెలిసినట్టు ఆ కళ్ళు చెమ్మగిల్లాయి. పెద్దకోడలికి అది చూస్తే కాస్త చిరాకేసింది. మంచితనం ఎవరికి కావాలి? ఇద్దరూ ఒకే ఊళ్ళో, ఒకే పనిలో, వేరే వేరే గూళ్ళలో కూర్చోబోతున్నారు. ఇక మీదట ఆమె మీద నెగ్గాలి తను. ఊరికే కాదు, బాగా నెగ్గాలి. అంట్లు తోముతున్న మనిషి మీద నెగ్గితే అదేం నెగ్గడం?